ముప్పై ఏడు లోపాల ఆర్గన్

మా అన్నయ్యను అందరూ పోస్టుమార్టం గారు అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆయనా పలుకుతాడు, పైగా కాస్త గర్వంగా పలుకుతాడు. పాత కరెంటు ఆర్గన్లను పరీక్షించి, ఏది బతుకుతుందో ఏది బతకదో తేల్చి, బతికేవాటిని బాగుచెయ్యడం ఆయన పని. నలభై రెండేళ్ళుగా ఇదే వరస. ఇన్నేళ్ళలో ఆయన చూడ్డానికి వెళ్ళి, "బాగుందండీ, హాయిగా వాయించుకోండి" అని చెప్పి తిరిగొచ్చిన ఆర్గన్ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎంత నిగనిగలాడే వాద్యమైనా సరే, గంట తిరిగేసరికి యజమాని ముఖం వేలాడేసుకుని కూర్చుంటాడు, అన్నయ్య ముఖం వెలిగిపోతుంటుంది.

నేను ఆయన చెల్లెల్ని. అరవై దాటినా ఆయనకు బుజ్జినే. ఆయన రాసిన రిపోర్టులు టైపు చెయ్యడం నా వంతు. ఎందుకంటే ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది, ఆ కెలుకుడును చదవగలిగిన ప్రాణి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఆయన "చెత్త" అని రాస్తే నేను "మార్చవలసి ఉంది" అని కొడతాను. "ఏ గాడిద చేసిందీ పని" అని రాస్తే "గతంలో జరిగిన మరమ్మతు సంతృప్తికరంగా లేదు" అని కొడతాను. ఆయన్ను ఇంకా నాలుగిళ్ళలోకి రానిస్తున్నారంటే అది నా చలవే.

ఈ ఆర్గన్ ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పాలి. బీరువాను కాళ్ళు పెట్టి అడ్డంగా నిలబెట్టినట్టుంటుంది, నలుగురు పడితే గాని కదలదు. పైన రెండు వరసలుగా తెల్లవీ నల్లవీ మెట్లు, కింద కాళ్ళతో తొక్కడానికి చెక్క పెడళ్ళు. లోపల తొంభై ఒక్క ఇనుప చక్రాలు, ఒక్కొక్కటీ చిన్న సీసా మూతంత, అంచుల నిండా పళ్ళు. ఒకే మోటారు అన్నిటినీ తిప్పుతుంది. అవి అయస్కాంతాల పక్కన తిరుగుతుంటే పుట్టే సన్నటి కరెంటే స్పీకర్లోకి వెళ్ళి పాటవుతుంది. ఆ చక్రాల ఇరుసులకు నూలుపోగుల వెంబడి నూనె దిగుతుంది. ఏడాదికొకసారి చిన్న గరాటులో నాలుగు చుక్కలు పోస్తే చాలు, యాభై ఏళ్ళయినా ఢోకా ఉండదు. కానీ ఆ నాలుగు చుక్కలు పొయ్యడం ఎవరికీ గుర్తుండదు. లోకుల ఆ మతిమరుపు మీదే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

మా ఇల్లు ఇల్లులా ఉండదు. ముందుగదిలో పొట్ట విప్పేసిన ఆర్గన్లు మూడు. భోజనాల బల్ల మీద ఉప్పుగిన్నె పక్కనే టంకం తీగ. నా మంచం కింద ఎవరిదో తిరిగే స్పీకరు, రెండేళ్ళుగా. దాన్ని తీసుకుపొమ్మంటే, "దానికక్కడ చెమ్మ తగలదు బుజ్జీ" అంటాడు. నాకు చెమ్మ తగులుతుందో లేదో ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

ఈ పరీక్షించే జబ్బు ఆర్గన్లతో ఆగినా బాగుండేది. నన్ను చేసుకుంటామని వచ్చినవాళ్ళను కూడా అన్నయ్యే పరీక్షించాడు. ఒకడి నవ్వు చివర్న గరగర ఉందన్నాడు. ఇంకొకడు మాట్లాడుతున్నంతసేపూ మోకాలు ఊపుతున్నాడన్నాడు. మూడో ఆయన నాకు నచ్చాడు. "పైకి అన్నీ బాగానే ఉన్నాయి, అదే అనుమానంగా ఉంది" అని అన్నయ్య ఆయన్నీ పంపించేశాడు. అప్పుడు నోరు మూసుకున్నాను, అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. పోనీ, తను మాత్రం సుఖపడ్డాడా? ఏ పిల్లా ఆయన రిపోర్టులో నెగ్గలేదు. అలా ఇద్దరమూ ఈ ఇనుప చక్రాల మధ్య మిగిలిపోయాం.

ఇక ఆయన పరీక్ష పద్ధతి. వెనక పలక విప్పగానే ముందు ముక్కు లోపలికి పెట్టి వాసన చూస్తాడు. కాలిన మైనం, ఎలుకలు, చెమ్మ పట్టిన చెక్క, ఏదైనా ముక్కుతోనే చెప్పేస్తాడు. తర్వాత స్క్రూడ్రైవరు కొనను డబ్బాకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని చక్రాల గుట్టు వింటాడు. ఆపైన ఒక్కో మెట్టు నొక్కి పట్టుకుని పది లెక్కపెడతాడు. ఇంత చేసి, ఈ మహానుభావుడికి ఒక్క పాటైనా వాయించడం రాదు! ఆయన నియమాల్లోకెల్లా పెద్దది ఇంకొకటుంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ, వాద్యం వాయించే మనిషి ఆ గదిలో ఉండకూడదు. "వాయించేవాళ్ళు వాద్యాన్ని వెనకేసుకొస్తారు బుజ్జీ. దాని రోగాలన్నీ దాచిపెడతారు. వాళ్ళు బయటికి పోతేనే నిజం బయటికొస్తుంది" అంటాడు. ఈ సూత్రం ఎంత గొప్పదో పోయిన ఏడాది తేలింది.

ఒక రోజు పాటల టీచరు గారు మా ఇంటికొచ్చారు. అరవయ్యారేళ్ళ మనిషి, సన్నగా, చేతిలో గొడుగు. గాయకుల సంఘం హాల్లో ప్రతి మంగళవారం, శనివారం నలభైమందికి పాటలు నేర్పుతారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడున్న ఆర్గన్ మీదే. నాకు ఆవిడ తెలుసు, నేనూ రెండేళ్ళు ఆ నలభైమందిలో వెనక వరసలో నిలబడి గొంతు చించుకున్నదాన్నే. కొత్తగా వచ్చిన సంఘం ప్రెసిడెంటు ఆ పాత ఆర్గన్ను పారేసి, చంకలో పెట్టుకుపోయే ప్లాస్టిక్ కీబోర్డు కొందామన్నాడట. డోలు, వయొలిన్, వేణువు అన్నీ అదే వాయించేస్తుందట. ఇక మనిషితో పనేముంది?

"మూడు నెలలు గడువిచ్చారండీ," అన్నారు టీచరు గారు. "అందరి ముందూ వాయించి చూపించాలట. ఆర్గన్ బాగుంటే ఉంచుతారట, లేకపోతే ఇనుప సామాన్లవాడికట. అది పోతే నేనూ పోయినట్టే కదా. నాకు ఇంకోదాని మీద చెయ్యి ఆడదు."

"ఇంట్లో ఖాళీగా ఉండి విశ్రాంతి తీసుకోవచ్చుగా?" అన్నాడు మా అన్నయ్య, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

"శనివారం, మంగళవారం పోతే నాకు వారంలో ఇంక రోజులుండవండీ," అన్నారు ఆవిడ.

ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది. అన్నయ్య మాత్రం, "రేపు పదింటికి వస్తాను, పలక స్క్రూలు ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు.

మర్నాడు హాల్లో ఆవిడ ఆర్గన్ పక్కన నిలబడి, "ఈ మధ్యలో మెట్టుంది చూశారూ, దాని గురించి ఒక మాట..." అని మొదలుపెట్టారో లేదో అన్నయ్య చెయ్యి అడ్డంపెట్టాడు. "మీరేం చెప్పక్కర్లేదండీ. అదే చెబుతుంది. మీరు కాసేపు బయట కూర్చోండి." ఆవిడ గొడుగు పట్టుకుని రెండున్నర గంటలు బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల అన్నయ్య ముక్కు, చెవి, వేళ్ళు అన్నీ పెట్టి ముప్పై ఏడు లోపాలు పట్టుకున్నాడు. ఇంటికొచ్చాక అన్నం కూడా తినకుండా నాతో టైపు చేయించాడు. పై వరసలో ఒక మెట్టు మూగబోయింది. కింది పెడళ్ళ ఫెల్టు, అంటే ఉన్ని మెత్త, ఉబ్బిపోయి, పూర్తిగా తొక్కితేగాని పలకడం లేదు, పలికినా ఆలస్యంగా పలుకుతోంది. శబ్దం పెంచే పెడలు ఎవడో బిగించిన బోల్టుకు తగులుకుని సగం దగ్గరే ఆగిపోతోంది. ఇలాంటివి ముప్పై ఏడు. "ముప్పై ఏడు బుజ్జీ!" అన్నాడు, ముప్పై ఏడుగురు మనవలు పుట్టినట్టు.

తర్వాత మూడు నెలలు ఆర్గన్ మా ముందుగదిలోనే ఉంది. అన్నయ్య దాన్ని ఊడదీసి, కడిగి, తుడిచి, నూలుపోగులన్నీ మార్చి, మాడిపోయిన కండెన్సర్లు తీసేసి కొత్తవి టంకం పెట్టాడు. అబద్ధమెందుకు, ఆయన చేతిలో పనితనం ఉంది. చిన్న పట్టకారుతో వెంట్రుకంత తీగను సరిచేస్తున్నప్పుడు ఆయన ఊపిరి కూడా తియ్యడు. అలాంటప్పుడు చూస్తే ఎంత ఒళ్ళు మండినా తిట్టబుద్ధి కాదు. తీసేసిన పాత భాగాలన్నీ ఒక గుడ్డసంచిలో వేసి వాద్యం తాలూకు మనుషులకే అప్పజెప్పడం ఆయన ఆనవాయితీ. ఆ సంచి టీచరు గారికి చేరింది. ఆర్గన్ శుక్రవారం సాయంత్రం హాలుకు చేరింది. శనివారమే ప్రదర్శన. "ఒక్కసారి వాయించి చూసుకుంటానండీ" అని ఆవిడ అడిగితే, "లారీలో కుదుపులు తిన్నది, రేపటిదాకా కదిలించకూడదు. అయినా మీకెందుకండీ భయం? కొత్తదానికన్నా బాగుంది" అన్నాడు.

శనివారం హాలు నిండింది. ప్రెసిడెంటు గారు ముందు వరసలో కాలు మీద కాలు వేసుకున్నాడు. టీచరు గారు కూర్చుని, ఎప్పటిలాగే కుడిపాదం మొత్తం శబ్దం పెడలు మీద మోపారు. మెట్ల మీద చెయ్యి పడగానే కిటికీ అద్దాలు గలగలలాడేంత మోత. ఆవిడ ఉలిక్కిపడి ఎడమకాలితో కింది పెడలు తొక్కారు, అది పాట కంటే ముందు పరిగెత్తింది. అన్నిటికీ మించి, ఒక స్వరం మొదలైంది, అది ఆగదే! పాట ఎటు పోతున్నా అది మాత్రం మధ్యలో కూర్చుని ఊఁ అని మూలుగుతూనే ఉంది. గాయకులు ఎవరిని అనుసరించాలో తెలియక తలో దారి పట్టారు. రెండో చరణానికల్లా ఆవిడ చేతులు ఆగిపోయాయి. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వినవాళ్ళ గొంతు పిసికెయ్యాలనిపించింది నాకు.

ప్రెసిడెంటు లేచి, ఒక్కో మెట్టూ తనే నొక్కి చూశాడు. ఒక్కొక్కటీ గంటలా పలికింది. "ఆర్గన్ దివ్యంగా ఉందండీ. నేనే పొరబడ్డాను, దీన్ని ఉంచేద్దాం," అన్నాడు పెద్దమనసుతో. తర్వాత గొంతు తగ్గించి, "మారాల్సింది వాయించేవాళ్ళే. టీచరు గారికి వయసైపోయింది, పాపం. వచ్చే శనివారం ఆవిడకు వీడ్కోలు సభ పెడదాం. ఆఖరిసారిగా ఆవిడ చేతే ఒక పాట వాయింపిద్దాం" అన్నాడు.

అలా ఆర్గన్ బతికింది, మనిషి పోయింది. అన్నయ్య దారిపొడుగునా ఒకటే పాట: "నా పనిలో లోపం లేదు బుజ్జీ. నువ్వే విన్నావుగా, లోపం లేదు." నేను చరచరా ముందు నడిచాను. పక్కన నడిస్తే ఆ రోడ్డు మీదే పెద్ద గొడవయ్యేది.

సోమవారం పొద్దున టీచరు గారు మళ్ళీ వచ్చారు. పాత భాగాల సంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఇవి నాకెందుకండీ ఇంక. మీ దగ్గరుంటే దేనికైనా పనికొస్తాయి," అన్నారు. అన్నయ్య నీళ్ళు నమిలి, "ఆ రోజు మీకు ఒంట్లో బాగాలేదేమో" అన్నాడు. ఆవిడ నవ్వారు. "లేదండీ. మీరు దాన్ని చక్కగా బాగుచేశారు. నేనే పాడైపోయాను."

"ఇంతకీ ఏం జరిగిందండీ?" అని అడిగాను నేను. ఈ ప్రశ్న మూడు నెలల ముందు అడగాల్సింది, అడగాల్సిన పెద్దమనిషి అడగలేదు.

ఆవిడ బల్ల అంచు మీద చేతులు పెట్టి చూపించారు. "ఇదిగో, ఈ మెట్టు మూగదండీ. ముప్పై ఏళ్ళుగా మూగదే. నాకు చూపు ఎప్పుడూ గాయకుల మీదే ఉండాలి కదా, మెట్ల వైపు చూడను. అందుకని బొటనవేలు దాని మీద ఆనించి ఉంచుతాను. అది అక్కడుంటే మిగతా వేళ్ళకు దారి తెలుస్తుంది. ఇప్పుడది పలుకుతోంది, నాకేమో వేలు తియ్యడం రాదు. కాలి కింద పెడళ్ళంటారా, అవి ఆలస్యంగా పలుకుతాయని నేనే కాస్త ముందు తొక్కేదాన్ని. ఇక శబ్దం పెంచే పెడలు ఎంత తొక్కినా సగమే కదా, కాలు బరువంతా దాని మీదే వేసి కూర్చునేదాన్ని."

అన్నయ్య ముఖాన కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు. అయినా బింకం పోలేదు. "ఇంకా ఐదు రోజులున్నాయి. సరైన పద్ధతిలో నేర్చుకోవచ్చుగా?"

"ఇది నేర్చుకోవడానికే ముప్పై ఒక్క ఏళ్ళు పట్టిందండీ," అని ఆవిడ గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ గుమ్మం మెట్లు దిగేదాకా ఆగి నేను నోరు విప్పాను. "చాలా సంతోషం అన్నయ్యా! ముప్పై ఏడు తప్పులు పట్టావు. ఆవిడ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ముసలిదాన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టావు. ఆ ఇనుప డబ్బాకు చెవి ఆనించి విన్నావే, ఆ పక్కనున్న మనిషిని ఒక్కసారి వాయించమని అడిగి విన్నావా? నువ్వు బాగుచెయ్యలేదు, ఆవిడ కాళ్ళూ చేతులూ విరిచి పంపించావు." ఇంకా చాలా అన్నాను, నలభై ఏళ్ళనాటివి కూడా కలిపి అన్నాను, అవన్నీ ఇక్కడ రాయను. ఆయన ఆ రోజూ మర్నాడూ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచాడు. కూరలో ఉప్పెక్కువైనా గమనించలేదు. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది.

బుధవారం పొద్దున్నే ఆయన గుడ్డసంచి భుజాన వేసుకుని, "బుజ్జీ, ఆ రిపోర్టు తీసుకుని రా" అన్నాడు. దారిలో టీచరు గారింటి తలుపు తట్టి, "మీరూ రండి, మీరు లేకపోతే ఈ పని కాదు" అన్నాడు.

హాల్లో ఆవిడను ఆర్గన్ ముందు కూర్చోబెట్టి, తను వెనక పలక విప్పి నేల మీద చతికిలబడ్డాడు. నేను రిపోర్టు చదువుతుంటే, "ఈ లోపం మీకు కావాలా?" అని ఒక్కోదానికీ ఆవిడను అడిగాడు. "అక్కర్లేదండీ." "అది బాగైందే మంచిది, అలాగే ఉంచండి." "అయ్యో, అది కావాలండీ." ముప్పై ఏడింట్లో ఆవిడకు కావలసినవి ఐదే తేలాయి. సంచిలోంచి పాత బోల్టు తీసి బిగించాడు. ఉబ్బిన ఫెల్టు ముక్కలు తీసి మళ్ళీ అతికించాడు. ఆవిడ తొక్కి చూసి, "ఇంకొంచెం ఆలస్యంగా రావాలండీ" అంటే, మళ్ళీ ఊడదీసి అతికించాడు. ఇలా నాలుగుసార్లు. చివరికి మూగ మెట్టు మిగిలింది. నొక్కితే ఒకదానికొకటి తగిలే దాని తీగల మధ్యకు దూర్చడానికి సన్నటి కాగితం ముక్క కత్తిరించాడు. దాన్ని పట్టకారుతో పట్టుకుని, ఆ మెట్టు ఇంకొక్కసారి నొక్కి విన్నాడు. మూడు నెలలు కంట్లో వత్తులేసుకుని పలికించిన స్వరం మరి. మంచి పనే చేస్తున్నాడని తెలిసి కూడా నాకు జాలేసింది. కాగితం దూరింది, స్వరం ఆగిపోయింది. టీచరు గారు దాని మీద బొటనవేలు ఆనించి కళ్ళు మూసుకున్నారు.

శనివారం వీడ్కోలు సభకు దండ, శాలువా కుర్చీ మీద సిద్ధంగా ఉన్నాయి. ప్రెసిడెంటు పక్కన కొత్తగా వాయించబోయే అమ్మాయి, ఆయన మేనకోడలే, ముస్తాబై కూర్చుంది. టీచరు గారు వెళ్ళి కూర్చుని, పాదం మొత్తం పెడలు మీద మోపి, గాయకుల వైపు చూసి తల ఊపారు. ఇక ఆ తర్వాత ఏం చెప్పను! నలభై గొంతులు ఒక్క గొంతై లేచాయి. ఆవిడ ఒక్కసారైనా మెట్ల వైపు చూడలేదు. ఎవరు ఊపిరి అందక వెనకబడుతున్నారో చూసి, వాళ్ళ కోసం పాటను వెంట్రుకవాసి ఆపి, చెయ్యిపట్టి నడిపించినట్టు ముందుకు తీసుకెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది. పక్కనే అన్నయ్య పంచప్రాణాలూ చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. నలభై రెండేళ్ళ వృత్తిలో, తను ముట్టుకున్న ఆర్గన్ మీద ఎవరైనా వాయిస్తుంటే చివరిదాకా కూర్చుని వినడం ఆయనకదే మొదలు.

పాట అయిపోయింది. ప్రెసిడెంటు శాలువా తీసుకుని లేచాడు. గాయకుల్లో ముందు వరసలో ఉన్న పొడుగాయన, "శాలువా కప్పండి సార్, మర్యాదే. కానీ మంగళవారం మాకు టీచరు గారే కావాలి" అన్నాడు. మిగతావాళ్ళూ, "అవును, ఆవిడే కావాలి" అని గోల చేశారు. మేనకోడలు కూడా, "నా వల్ల కాదు మావయ్యా, ఆవిడలా నేను వాయించలేను" అంది. ఆ పిల్లకు మావయ్య కంటే బుర్ర ఉంది. ప్రెసిడెంటు మింగలేక కక్కలేక శాలువా చేతులు మార్చుకుని, చివరికి ఆవిడ భుజాల మీద కప్పి, "సరే, మీరే ఉండండి" అన్నాడు.

కోపం ఎవరిమీదో ఒకరిమీద తీర్చుకోవాలి కదా. నేరుగా మా దగ్గరికొచ్చాడు. "ఏమండీ పోస్టుమార్టం గారూ, ఇప్పుడు కదా ఆర్గన్ సరిగ్గా రిపేరయింది! ఈ పనేదో మొదటే సక్రమంగా చేసుంటే పోయేది కదా. మీరు చేసిన తప్పుకు ఆ పెద్దావిడను అందరి ముందూ ఏడిపించాం."

ఇంకేముంది, హాలు కప్పు లేచిపోతుందనుకున్నాను. తన పనిని అంతమాటన్న మనిషిని అన్నయ్య ఊరికే వదిలిపెట్టడు. నేను ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను కూడా. ఆయన మాత్రం ఆర్గన్ మూత మూస్తున్న టీచరు గారి వైపే చూస్తున్నాడు.

"అవునండీ," అన్నాడు. "ఆవిడ వాయించగా వినకుండానే బాగుచేశాను. తప్పు నాదే."